కుడిచేతి బ్రేకు

వినడం లేదు, ఎడమ చెయ్యి చెప్పినట్టు వింటోంది గానీ కుడిది వినడం లేదు, అలాగని మరీ చచ్చుబడిపోలేదు, బొటనవేలూ చూపుడువేలూ ఉన్నట్టు తెలుస్తూనే ఉంది, చివరి రెండే, ఎవరివో రెండు వేళ్లు తెచ్చి గ్లౌజులో కుక్కి కుట్టేసినట్టున్నాయి అనుకున్నాడు వెంకటపతి, అనుకుంటూనే మళ్లీ బ్రేకు మీద పిడికిలి బిగించాడు. బిగిసిందో లేదో వేళ్లు చెప్పలేదు, కళ్లతో చూసుకోవలసి వచ్చింది. చూడకూడదు. కొండ దిగేటప్పుడు చేతుల వంక చూడకూడదు, చూపు ఎటుంటే సైకిలు అటే వెళ్తుందని యుగంధర్ మాస్టారు గుడివాడలో మొదలుపెట్టి లడఖ్ దాకా చెబుతూనే ఉన్నారు. చూపు ఎత్తాడు. ఎడమ పక్క లోయ. రోడ్డు అంచున సున్నం కొట్టిన రాళ్లు వరసగా ఉన్నాయి, వాటి అవతల ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంత దగ్గరగా, అంత వెడల్పుగా ఉంటుందని యాభై రెండేళ్లు వచ్చాక ఇప్పుడు తెలుస్తోంది. రోడ్డుకి ఎడమవైపే వెళ్లాలి కనక ఈ వంపులో లోయ పక్కే అతని పక్క, వచ్చే మలుపు తిరిగితే కొండ అతని వైపు వస్తుంది, మళ్లీ మలుపు, మళ్లీ లోయ. కనుమ మీది నుంచి కిందికి పధ్నాలుగు కిలోమీటర్లు, అక్కడ చెక్‌పోస్టు, పక్కన టీ గుడారం. మూడు దిగాడు. ఇంకా పదకొండు.

పైన, పదిహేడు వేల అడుగుల ఎత్తున, గాలికి టపటపలాడే రంగు జెండాల కింద నిలబడి టీ తాగుతున్నప్పుడు మాస్టారు ఇద్దరినీ దగ్గరికి పిలిచారు. వచ్చిందే ముగ్గురు. మాస్టారు గుడివాడ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు, బెంజమిన్‌కి అక్కడే సైకిలు షాపు ఉంది, దిగే రోజున పనిముట్లు పెట్టుకుని వెనక వ్యానులో వస్తానని ముందే ఒప్పందం. పాఠం చెప్పినట్టే చెప్పారు మాస్టారు. "రెండు బ్రేకులూ కలిపి వాడాలి. పట్టుకుని కూర్చోకూడదు, పట్టాలి, వదలాలి, పట్టాలి, వదలాలి. వేగం తగ్గించేది మలుపుకి ముందే, మలుపులోకి వెళ్లాక కాదు. ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా ఇప్పుడే చెప్పండి వెంకటపతి గారూ. వ్యాను ఉంది, ఎక్కితే పరువేం పోదు." "నేను ఎక్కే కదండీ వస్తున్నాను, నా పరువు చూడండి ఎంత వెచ్చగా ఉందో," అన్నాడు బెంజమిన్, శాలువా ఇంకో చుట్టు చుట్టుకుంటూ. ముగ్గురూ నవ్వారు. వెంకటపతి టీ గ్లాసుని ఎడమ చేత్తో పట్టుకున్నాడు, కుడిది కోటు జేబులో ఉంది, అది ఎవరూ గమనించలేదు. ఎవరూ గమనించకుండా గ్లాసు పట్టుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, సంతకం పెట్టడం, రెండేళ్లుగా అతను సాధన చేసిన విద్య అదే. "నాకేంటండీ, బ్రహ్మాండంగా ఉన్నాను," అన్నాడు.

అయినా కుడి బ్రేకు ఎందుకు. కుడిది ముందు చక్రానిది. పెడనలో సైకిలు నేర్చుకున్న వాడెవడూ ముందు బ్రేకు పట్టడు, ముందుది పట్టావంటే బొక్కబోర్లా పడతావని నేర్పేవాడు మొట్టమొదట చెప్పే మాట అది. అతని పాత సైకిలుకి ముందు బ్రేకు రబ్బర్లు అరిగి ఊడిపోతే పదిహేనేళ్లు మళ్లీ వేయించనే లేదు. వెనక క్యారేజీ మీద బట్టల మూట, హ్యాండిలుకి చెరో సంచీ, ఆగాలంటే ఎడమ చేత్తో వెనక బ్రేకు, అది చాలకపోతే చెప్పు నేలకి ఆనించి ఈడ్చడం. అంతకన్నా ఆ నేల అడగలేదు. కాలవలో నీళ్లకే ఎటు పోవాలో తోచక నిలబడి ఆలోచించుకునే నేల. పెడన నుంచి బందరు దాకా, ఇటు బంటుమిల్లి దాకా, తొక్కడం మానేస్తే సైకిలు దానంతటది ముందుకి వెళ్లే చోటు ఒక్కటి లేదు. మంగినపూడి వెళ్లేటప్పుడు సముద్రం గాలి ఎదురు కొడుతుంది, అదే వాళ్ల కొండ. దిగడం ప్రాక్టీసు చెయ్యాలంటే ఎక్కడ చెయ్యాలో తెలియక మాస్టారు ఇద్దరినీ పులిగడ్డ వారధికి తీసుకెళ్లారు, ఆ వంతెన ఎత్తు మీదికి ఎక్కడం, దిగడం, మళ్లీ వెనక్కి తిరిగి ఎక్కడం, పదకొండు సార్లు. వంతెన మొదట్లో చేపల తట్ట పెట్టుకు కూర్చున్న ముసలావిడ చూసి చూసి, "ఏం పోగొట్టుకున్నారు నాయనా, పొద్దుట్నుంచీ ఎతుకుతున్నారు? చెప్పండి, నేనూ ఎతుకుతా," అంది. ఆ రోజు ఎంత నవ్వుకున్నారో. ఆ రోజు కూడా పదకొండు సార్లూ వెనక బ్రేకుతోనే దిగాడు. కాబట్టి ఎడమ చెయ్యి ఉంటే చాలు. ఎడమ చెయ్యి బానే ఉంది. ఇలా ఒక్కొక్కటే తనకి తాను నచ్చజెప్పుకుంటూ ఉంటే ముక్కుకి కాలిన రబ్బరు వాసన తగిలింది, ఎక్కడిదో అనుకున్నాడు, గాలి వెనక నుంచి వస్తోంది, ఇంకెక్కడిది, తన వెనక చక్రానిదే. పల్లంలో బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనకది తేలిపోతుంది, వెనకదాన్నే నమ్ముకుంటే జారుతుంది అని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పారు మాస్టారు. తల ఊపాడు. అర్థమైంది కూడా.

హారను మోగింది. వెనక ఎక్కడో కాదు, వీపు మీదే మోగినట్టుంది. ఆ తర్వాత జరిగినది అతను చెయ్యలేదు, అతని ఒళ్లు చేసింది. డెల్టాలో ఒంటి లైను తారురోడ్డు మీద బస్సు హారను వినపడితే సైకిలు మీదున్న మనిషి ఆలోచించడు, ఒళ్లే మార్జిన్ దిగిపోతుంది, తారు మీది నుంచి పక్క మట్టిలోకి, అది భయమూ కాదు మర్యాదా కాదు, కనురెప్ప వాల్చడం లాంటిది. బస్సు వెళ్లిపోతుంది, దుమ్ములోంచి మళ్లీ తారెక్కుతాం. ముందు చక్రం తారు దిగింది. కింద మట్టి లేదు, గులకరాళ్లు, ఆ రాళ్లు కదులుతున్నాయి, రెండు సున్నపు రాళ్ల మధ్య సందులోంచి చక్రం అవతలికి చూస్తోంది. లారీ ఒరుసుకుంటూ వెళ్లింది, డీజిలు పొగ వెచ్చగా ముఖానికి కొట్టింది, చక్రం కింది నుంచి నాలుగు రాళ్లు లేచి లోయలోకి పడ్డాయి. పడిన చప్పుడు కోసం చెవి ఎదురుచూసింది. రాలేదు. ఎలా తిప్పాడో, ఏ చేత్తో తిప్పాడో, మళ్లీ తారు మీద ఉన్నాడు. రోడ్డు దిగొద్దు, దారివ్వాలంటే వెడల్పున్న చోట ఇవ్వండి, అంతదాకా వాడే వెనక ఆగుతాడు, ఇది కూడా మాస్టారు చెప్పిందే, దీనికి కూడా తల ఊపాడు. భయం అప్పుడు రాలేదు. ఇంకో వంద గజాలు దిగాక వచ్చింది.

ఒంటికి ఒకసారి నేర్పింది మళ్లీ మాన్పించలేం. చేతికీ అంతే. ముప్ఫై నాలుగేళ్లుగా దీనికి నేర్పింది ఒక్కటే పని, గుద్దడం. టేకు అచ్చుని రంగులో అద్ది, బల్ల మీద పరిచిన బట్ట మీద పెట్టి, అరచేతి అంచుతో, చిటికెనవేలి కిందుండే కండతో గట్టిగా గుద్దితేనే రంగు బట్టకి పడుతుంది. అచ్చు ఎత్తాలి, పక్కన పెట్టాలి, గుద్దాలి. పెడన వీధుల్లో పొద్దున్నే వినపడేది ఆ చప్పుడే, ఇంటింటా ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంటుంది. అలా ముప్ఫై ఏళ్లు గుద్దిన చోట లోపల నరం నలుగుతుందో, నెత్తురు దారి మూసుకుంటుందో, అతనికి తెలియదు, తెలుసుకోవడానికి ఏ డాక్టరుకీ చూపించలేదు. మొదట చిటికెనవేలు తెల్లబడుతుంది, తర్వాత దాని పక్కది, మార్గశిరం చలిలో పొద్దున పూట, తర్వాత అన్ని పూటలా. ఇది అతనికి కొత్త సంగతి కాదు. నాన్న చెయ్యి ఇలాగే పోయింది. ఆయన, గంగాధరరావు, అద్దిన తీగ అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో దుర్భిణీ పెట్టినా దొరకదని వీధిలో చెప్పుకునేవారు, అలాంటి మనిషి అచ్చుకీ అచ్చుకీ మధ్య ఒక ఏడాది సన్నటి తెల్లగీత కనపడడం మొదలైంది. ఆయన ఏం చేశాడు. బందరు వెళ్లి కళ్లజోడు చేయించుకుని వచ్చాడు. చూపు ఆనడం లేదురా అన్నాడు. ఇంట్లో అందరూ నమ్మారు, అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించేది, దారిలో గుమ్మం ఉందని చెప్పేది, ఆయన ఆ అద్దాల్లోంచి తడుముకుంటూ నడిచేవాడు. కళ్లు నిక్షేపంలా ఉన్న మనిషి. పదకొండేళ్లు. చెయ్యి పోయిందనడం కన్నా కళ్లు పోయాయనడం ఆయనకి నయం అనిపించింది. ఆ బల్ల దగ్గరే, నాన్న వెనక రెండో రంగు అచ్చు వేసే పని వెంకటపతిది. ఆ తెల్లగీత వచ్చిన చోటల్లా తన అచ్చుని నూలుపోగంత జరిపి కొట్టేవాడు, గీత మూసుకుపోయేది. ఒక్కసారి మాత్రం నాన్న అలా మూసుకుపోయిన చోటుని వేలితో తడిమి, కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు, ఇప్పుడు ఎత్తడానికి ఆయన లేడు కూడా.

చినుకా, కాదు, చినుకు ఇంత గట్టిగా ఉండదు. మంచుపలుకులు, ఉప్పుగల్లంత, హెల్మెట్ మీద టిక్కుటిక్కుమంటున్నాయి. ఆగస్టు నెల. ఇంటి దగ్గర ఇప్పుడు ఉక్కపోత, భార్య మాధవీలత నడుముకి కొంగు బిగించి, మెడ వెనక చెమట తుడుచుకుంటూ బల్ల ముందు నిలబడి ఉంటుంది. సైకిలు క్లబ్బులో చేరతానంటే ఆవిడే నవ్వింది, "మంగినపూడి గాలికే దిగి నడిపించే మనిషి, హిమాలయాలంట," అని. ఎందుకు చేరాడో ఆవిడకి చెప్పలేదు. ఆరోగ్యానికి అన్నాడు. హ్యాండిలు మీద పెట్టిన చెయ్యి ఏం పని చేస్తోందని ఎవరూ అడగరు, అందుకు చేరాడు. సైకిలు మీద ఉన్నంతసేపూ అది మామూలు చెయ్యి. చెయ్యి అక్కరలేని చోటు వెతుక్కుంటూ పారిపోయి పారిపోయి, చేతి మీదే ప్రాణం వేలాడే చోటికి వచ్చాడు. నవ్వొచ్చింది, పళ్లు కొట్టుకుంటున్నాయి కనక నవ్వు ముక్కలు ముక్కలుగా వచ్చింది. రోడ్డుకి అడ్డంగా మంచు కరిగిన నీళ్లు పారుతున్నాయి, నిలువుగా పోనిచ్చాడు, చక్రాల రిమ్ములు తడిశాయి, తడిసిన రిమ్ముని బ్రేకు సగమే పడుతుంది, ఎడమ లీవరు హ్యాండిలుకి ఆనేదాకా లాగితే గాని వేగం తగ్గడం లేదు, తగ్గిందనుకునేలోపు పల్లం మళ్లీ లాగుతోంది. ఎడమ ముంజేయి రాయిలా బిగుసుకుంది. ఇదీ అలిసిపోతే.

మాధవీలత బల్ల దగ్గర ఎక్కడ నిలబడుతుంది. అతని వెనక. రెండో రంగు అచ్చు ఆవిడది. జూన్ నెలలో ఒక దుప్పటి ఆరేస్తుంటే తీగ అంచు మీద ఒక ఆకు కాస్త ఎడమకి ఒరిగి కనిపించింది, దాని పక్కది కూడా, మరో చోట కూడా. మాధవి చెయ్యి తప్పుతోంది, పని ఎక్కువైంది పాపం అనుకున్నాడు, చెబితే నొచ్చుకుంటుందని ఊరుకున్నాడు. ఇప్పుడు, ఈ మంచుపలుకుల్లో, ఆ ఆకులు కళ్లెదుట ఉన్నాయి, అవి ఊరికే ఒరగలేదు, ఒరిగిన ప్రతి ఆకు కిందా ఒక సన్నటి తెల్లగీత ఉంది. నూలుపోగంత. ఆవిడ జరిపి కొట్టింది. నిన్న రాత్రి ఫోనులో ఏమంది, "చలి ఎలా ఉందండీ," అంది, "పర్లేదు," అన్నాడు, "గ్లౌజులు తియ్యకండి, కుడిదైతే అసలు తియ్యకండి," అంది. కుడిదైతే. విని ఊఁ అన్నాడు. ఆవిడకి తెలుసు. ముందు కోపం వచ్చింది, తెలిసీ నన్ను ఈ కొండ ఎక్కనిచ్చిందా, ఒక్క మాట అడిగి ఉంటే. ఆ కోపం ఒక్క వంపు కూడా నిలవలేదు. తను అడిగాడా నాన్నని. పదకొండేళ్లు ఆ మనిషి అక్కరలేని అద్దాల్లోంచి లోకాన్ని మసగ్గా చూస్తుంటే పక్కనే నిలబడి అచ్చు జరుపుకుంటూ ఉన్నాడు, దాన్ని ఇన్నాళ్లూ జాలి అనుకున్నాడు, ప్రేమ అని కూడా అనుకున్నాడు. భయం అది. నాన్న చెయ్యి పోయిందన్న మాట గట్టిగా పైకి అంటే, ఆ తర్వాత ఎదురుగా ఉండే మనిషి ఎవరో, ఆయనతో ఎలా మాట్లాడాలో తెలియని భయం. మాధవి కూడా అదే భయంతో నూలుపోగు నూలుపోగు జరుపుతోంది. ఎవరి దగ్గర దాస్తున్నాడు మరి, తెలిసిన వాళ్ల దగ్గరా, తెలియని వాళ్ల దగ్గరా.

కింద మలుపు కనిపించింది. మాస్టారి ఎర్రకోటు దాన్ని తిరిగి మాయమైంది. జడపిన్నులా వెనక్కి తిరిగే మలుపు, దాని కొసన సున్నపు రాళ్లు కూడా లేవు, ఎప్పుడో ఏదో గుద్దుకుని పోయినట్టు ఖాళీ. మలుపుకి ముందే తగ్గించాలి. ఎడమ లీవరు లాగాడు, వెనక చక్రం బిగుసుకుని పక్కకి జారింది, వదిలాడు, మళ్లీ లాగాడు, మళ్లీ జారింది. కుడిది. పట్టు. వేళ్లు లీవరు మీదే ఉన్నాయి, పట్టు అంటే అవి పడుకున్నాయి, ఇంట్లో అందరూ పిలుస్తున్నా గోడవైపు తిరిగి పడుకున్నట్టు. మణికట్టు మొత్తం వెనక్కి గుంజాడు, ఎక్కడో ఒక వేలు తగులుకుంది, ముందు చక్రం ఒక్క క్షణం గిజగిజలాడింది, ఆ క్షణంలో మలుపు తిరిగింది, అతను తిప్పాడో అదే తిరిగిందో, తారు మీంచి కంకర మీదికి, మళ్లీ తారు మీదికి. కొండ ఇప్పుడు ఎడమ పక్కకి వచ్చింది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా, నల్లగా, తడిగా. ఈ ముక్క రెండు వందల గజాలు ఉంటుంది. దాని చివర మళ్లీ మలుపు, ఆ మలుపు తర్వాత మళ్లీ లోయ పక్క. రెండు వందలు. నూట యాభై. కొండ పాదాన రోడ్డు పనివాళ్లు పోసిపెట్టిన కంకర గుట్ట ఒకటి నడుం ఎత్తున ఉంది. చూపు ఎటుంటే సైకిలు అటు. గుట్ట వంక చూశాడు, ఇంక దేని వంకా చూడలేదు, ముందు చక్రం అందులోకి బురదలో గిట్టలా దిగబడింది, ఛాతీ హ్యాండిలుకి తగిలి ఊపిరి ఆగింది, సైకిలు ఆగింది, కాలు నేల మీద ఉంది.

కంకర మీద మంచు రాలుతోంది. బతికి ఉన్నానని సంతోషం రావాలి గానీ రాలేదు, ఒక రకమైన సిగ్గు మాత్రం వచ్చింది, ఎవరైనా చూశారేమోనని. ఎవరూ చూడలేదు. పైన వంపులో వ్యాను చప్పుడు వినపడింది. వినపడగానే, ఆ చప్పుడుకి ఇంకా అర నిమిషం దూరం ఉండగానే, అతని ఎడమ చెయ్యి సైకిలుని గుట్టలోంచి వెనక్కి లాగింది, చక్రానికి అంటిన మట్టి దులిపింది, సీటు మీద మంచు తుడిచింది. ఆ చెయ్యి ఎంత హడావిడిగా సర్దుతోందో చూసి అతనికే వింతగా అనిపించింది.

వ్యాను పక్కకి వచ్చి ఆగింది. బెంజమిన్ కిటికీ అద్దం దించాడు, లోపలి నుంచి హీటరు వెచ్చదనం, నారింజ తొక్కల వాసన బయటికి వచ్చాయి.

"ఏం బావా, ఫోటోకి ఆగావా? ఇంత లోకం పెట్టుకుని కంకర గుట్ట దొరికిందా నీకు?"

వెంకటపతి నవ్వాడు. నవ్వు దానంతటదే వచ్చింది, ఏళ్ల తరబడి తలుపు వెనకే నిలబడి పిలుపు కోసం కాచుకున్న నవ్వు. ఫోటోకే అంటే సరిపోతుంది. బెంజమిన్ ఫోను తీస్తాడు, రెండు ఫోటోలు తీస్తాడు, పద పద అంటాడు, మళ్లీ సీటెక్కాలి. రెండు వందల గజాల ముక్క, మలుపు, లోయ. ఇంకా ఎనిమిది కిలోమీటర్లు. ఎక్కేస్తాడు కూడా, తనని తను బాగా ఎరుగును, ఎక్కేస్తాడు. లేదూ చెయ్యి చూపిస్తే, వ్యానులో కూర్చోబెట్టి కిందికి తీసుకెళ్తారు, అంతటితో అయిపోదు, మాస్టారు చూస్తారు, డాక్టరు అంటారు, ఆ మాట వాళ్లకన్నా ముందు పెడన చేరుతుంది, రేపు తను బల్ల దగ్గర నిలబడితే వీధిలో వాళ్లు చూసేది అచ్చుని కాదు. ఆ బల్ల దగ్గర ఇక నిలబడతాడో లేదో కూడా.

"ఇంక పద బావా. మాస్టారు కింద గుడారంలో నా టీ కూడా తాగేస్తారు, రా, ఎక్కు సైకిలు."

డ్రైవరు ఇంజను ఆపలేదు. వైపరు అద్దం మీద అటూ ఇటూ తిరుగుతోంది. వెంకటపతి సైకిలుని కొండకి ఆనించి నిలబెట్టాడు. రెండడుగులు వేసి కిటికీ దగ్గరికి వచ్చాడు. గ్లౌజు అంచుని ఎడమ చేత్తో పట్టుకుని లాగబోయాడు, బ్రేకు లాగి లాగి అలిసిన చెయ్యి, పట్టు దొరకలేదు.

"ఇది కాస్త ఊడదియ్యి బెంజమిన్, నా వల్ల కావడం లేదు," అని కుడిచెయ్యి కిటికీలోంచి లోపలికి చాపాడు.